రీమ్యాప్ తరువాత వెలిగే చెక్ ఇంజన్ లైటు: ‘చెరిపేస్తే చాలు’ అన్న సలహాకు ఖండన

కారు ఈసీయూను (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్‌ను) రీమ్యాప్ చేయించుకున్నవారి మధ్య, అంటే దానిలో కంపెనీ ఫైలు బదులు మార్చిన ఫైలు ఎక్కించుకున్నవారి మధ్య, ఒక సలహా వాట్సాప్‌లోనూ చిన్న వీడియోల్లోనూ విస్తృతంగా తిరుగుతోంది. దాని సారం ఇది: ఫ్లాష్ చేశాక (ఫైలు ఎక్కించాక) చెక్ ఇంజన్ లైటు వెలగడం మామూలే, కొత్త ఫైలుకు ఈసీయూ అలవాటు పడుతోందన్నమాట, బ్యాటరీ టెర్మినల్ పావుగంట ఊడదీసి పెట్టండి, లేదా చవక స్కానర్‌తో కోడ్ (ఈసీయూ నమోదు చేసుకున్న లోపం సంఖ్య) చెరిపేయండి, మళ్ళీ రాకపోతే సమస్య తీరినట్టే, వస్తే కోడ్‌లో పేరున్న సెన్సర్ మార్చండి, అప్పటికీ పోకపోతే ట్యూనర్‌తో (ఫైలు మార్చినవారితో) ఆ కోడ్‌నే ఆఫ్ చేయించండి. వీటిలో మొదటి మాటలో కొంత నిజం ఉంది. మిగిలిన నాలుగూ ఆ కొంత నిజాన్ని ఆసరా చేసుకుని నిలబడ్డవే.

ఫ్లాష్ చేసినప్పుడు చాలా వాహనాల్లో ఇంధన సవరణలు, ఐడిల్‌లో (బండి ఆగి ఇంజన్ నడుస్తున్నప్పుడు) థ్రాటిల్ ఎంత తెరుచుకోవాలన్న లెక్క వంటి నేర్చుకున్న విలువలు చెరిగిపోతాయి; అవి కుదురుకునే వరకు ఐడిల్ కాస్త ఊగడం, ఆటోమేటిక్ గేర్లు కొద్దిగా కుదుపుతో మారడం సహజమే. అయితే నేర్చుకునే పని దానంతట అది లైటు వెలిగించదు. కొలిచిన విలువ అనుమతించిన హద్దు దాటినప్పుడో, ఒక పరీక్ష విఫలమైనప్పుడో మాత్రమే కోడ్ నమోదవుతుంది. పి0315 వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. క్రాంక్‌షాఫ్ట్ తేడాలను ఈసీయూ ఇంకా నేర్చుకోలేదని ఆ కోడే చెబుతుంది. అలాంటి చోట కూడా స్కానర్‌తో రీలెర్న్ చేయించాలన్నది (ఆ తేడాలను మళ్ళీ నేర్పించాలన్నది) దాని అర్థం, ఊరికే చెరపమని కాదు.

సలహా నిజంగా పనిచేసే సందర్భం మరొకటి ఉంది, దానిని ఒప్పుకోవాలి. ఫైలు ఎక్కుతున్నంతసేపూ ఇంజన్ ఈసీయూ మిగతా మాడ్యూళ్ళతో మాట్లాడదు కనుక, ఏబీఎస్, మీటరు, గేర్‌బాక్స్ మాడ్యూళ్ళు సంబంధం తెగిందంటూ యు0100 వంటి కోడ్‌లను రాసిపెట్టుకుంటాయి. వాటిని ఒకసారి చెరిపి, బండి నడిపి, తిరిగి రాలేదని చూసుకుంటే సరిపోతుంది. ఈ ఒక్క జాతి కోడ్‌కు సరిపోయిన మాటను అన్ని కోడ్‌లకూ అతికించడం వల్లనే ఈ సలహా ఇంత నమ్మకంగా వినిపిస్తోంది.

దానికి పూర్తిగా ఎదురుగా నిలిచేవి పి0601, పి0602, పి0605 వంటివి. పి0601 అంటే మెమరీలో ఉన్నదాని చెక్‌సమ్ (ఫైలు చెడలేదని సరిచూసుకునే లెక్క) సరిపోలేదని, పి0602 అంటే ప్రోగ్రామింగ్‌లో లోపం ఉందని, పి0605 అంటే ప్రోగ్రాం ఉండే శాశ్వత మెమరీలోనే (రోమ్‌లోనే) తప్పుందని అర్థం. ఫైలును మార్చాక చెక్‌సమ్ సవరించకపోవడం, రాత మధ్యలో ఆగిపోవడం, ఫ్లాష్ సమయంలో బ్యాటరీ వోల్టేజి పడిపోవడం వీటికి సాధారణ కారణాలు. ఈసీయూ తన మెమరీని తానే మళ్ళీ సరిచూసుకుంటుంది కనుక ఇలాంటి కోడ్ ఎన్నిసార్లు చెరిపినా వస్తుంది. స్థిరంగా సుమారు 13 వోల్టులు ఇచ్చే సప్లై పెట్టి సరైన ఫైలును మళ్ళీ రాయడమే మార్గం. ఒరిజినల్ ఫైలును ముందే చదివి దాచని ట్యూనర్ దగ్గర ఈ పని మొదలుపెట్టించడమే పొరపాటు.

ఇక బ్యాటరీ టెర్మినల్ సంగతి. ఈసీయూ నేర్చుకుంటోందన్న మొదటి మాట నిజమైతే, టెర్మినల్ ఊడదీయమన్న రెండో మాట ఆ నేర్చుకున్నదాన్ని తుడిచివేసే పని అవుతుంది; ఒకే సందేశంలో ఈ రెండూ ఎలా ఇముడుతున్నాయో ఎవరూ అడగడం లేదు. పాత వాహనాల్లో కరెంటు పోతే కోడ్‌లు పోయేవి. నేటి ఈసీయూలలో చాలావరకు కరెంటు లేకపోయినా నిలిచే మెమరీలోనే అవి ఉంటాయి. స్కానర్‌తో చెరిపితే కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. లోపం తలెత్తిన క్షణంలో ఆర్‌పీఎం, లోడు, కూలెంట్ వేడి ఎంతెంత ఉన్నాయో చెప్పేది అదే కనుక, దానిని ఫొటో అయినా తీయకుండా చెరిపేసి మెకానిక్ దగ్గరికి వెళ్ళడం ఆధారాన్ని పారేసి ఫిర్యాదు చేయడమే.

‘మళ్ళీ రాలేదు కాబట్టి తీరిపోయింది’ అన్న వాదన అన్నిటికంటే ఎక్కువమందిని మోసం చేస్తోంది. ఉద్గారాలకు సంబంధించిన చాలా లోపాలకు ఈసీయూ ఒక్కసారి చూసి లైటు వెలిగించదు. మొదటి ప్రయాణంలో లోపం కనిపిస్తే దానిని పెండింగ్ కోడ్‌గా ఉంచి, తరువాతి ప్రయాణంలోనూ కనిపిస్తేనే వెలిగిస్తుంది. పైగా పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్, పొగలో కొంత తిరిగి ఇంజన్‌కు పంపే ఈజీఆర్ వంటివాటి పరీక్షలు ఇంజన్ వేడెక్కి, వేగం కొంతసేపు నిలకడగా ఉన్నప్పుడు మాత్రమే నడుస్తాయి. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ట్రాఫిక్‌లో రోజూ పాకే కారులో ఆ పరీక్షకు రోజుల తరబడి అవకాశమే రాకపోవచ్చు. కోడ్ చెరిపినప్పుడు రెడీనెస్ మానిటర్లు (ఏ పరీక్ష పూర్తయిందో చూపే గుర్తులు) చాలావరకు ‘పూర్తి కాలేదు’ అన్న స్థితికి వెళ్ళిపోతాయి కనుక, అవి తిరిగి పూర్తయ్యాయో లేదో చూడకుండా లైటు లేదని సంతోషించడంలో అర్థం లేదు. లైటు వెలగడం కాక మినుకుమినుకుమంటుంటే అది వేరే సంగతి: మిస్‌ఫైర్ వల్ల కన్వర్టర్ పాడయ్యేంత ఇంధనం మండకుండా పోతోందని దాని అర్థం, అప్పుడు యాక్సిలరేటర్ వదిలి బండి పక్కన ఆపాలి.

సెన్సర్ మార్చమన్న సలహా డబ్బు దండగ. కోడ్ ఒక కొలతలో తేడాను చెబుతుంది, చెడిపోయిన భాగాన్ని కాదు. రీమ్యాప్ చేసిన టర్బో డీజిల్‌లో పి0299, అంటే బూస్ట్ (టర్బో నెట్టే గాలి ప్రెజర్) తక్కువగా ఉందన్న కోడ్ వస్తే, బూస్ట్ ప్రెజర్ సెన్సర్ నిజమే చెబుతూ ఉండవచ్చు. కంపెనీ ఫైలు అడిగిన ప్రెజర్‌కు ఓర్చుకున్న పాత ఇంటర్‌కూలర్ పైపు, కొత్త ఫైలు అడిగిన ప్రెజర్‌కు బిగింపు దగ్గర లీకవుతూ ఉండవచ్చు. పి0087, అంటే ఇంధన ప్రెజర్ తక్కువగా ఉందన్న కోడ్ వస్తే, పంపు సంగతి తరువాత, ముందు డీజిల్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారో చూడాలి. అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్ రెండింటినీ ఒకే లోడులో లాగ్ చేసి పక్కపక్కన పెడితే సగం చిక్కు విడిపోతుంది. మిగతా సగానికి ఒరిజినల్ ఫైలు తిరిగి ఎక్కించి అదే దారిలో నడిపి చూడాలి: కోడ్ అప్పుడూ వస్తే లోపం బండిలోనే ఉంది. రాకపోతే మాత్రం ఫైలుదే తప్పని వెంటనే తేల్చకూడదు, ఎందుకంటే తక్కువ ప్రెజర్ కింద లీకు దాక్కోగలదు. స్మోక్ టెస్ట్ (పైపుల్లోకి పొగ పంపి లీకు వెతకడం) చేయించాకే ట్యూనర్‌ను నిలదీయాలి. ఫ్లాష్‌కు ముందే అన్ని మాడ్యూళ్ళనూ స్కాన్ చేసి దాచుకుని ఉంటే, పాత కోడ్ ఏది, కొత్తది ఏది అన్న వాదనే ఉండదు.

కోడ్‌ను ఆఫ్ చేయిస్తే లోపం అలాగే ఉండి, దాని కబురు మాత్రమే ఆగుతుంది. ఆ కోడ్‌కు ముడిపడిన లింప్ మోడ్ (ఇంజన్ శక్తిని తగ్గించే) రక్షణ కూడా చాలాసార్లు దానితోపాటే పోతుంది. లీకవుతున్న పైపుతో టర్బో అడిగిన ప్రెజర్ కోసం మరింత వేగంగా తిరుగుతూనే ఉంటుంది. డీపీఎఫ్ (డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్) పనిచేయడం లేదని చెప్పే పి2002ను నోరు మూయించినవారు మరో విషయం గమనించాలి: వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించే వాహనాన్ని బహిరంగ స్థలంలో నడపడం మోటారు వాహనాల చట్టం, 1988లోని 190(2) సెక్షన్ కింద నేరం. అమెరికాలోని మనవాళ్ళకు ఈ దారి ఇంకా ఇరుకు. అక్కడ 2010 మోడల్ నుంచి దశలవారీగా వచ్చిన పర్మనెంట్ కోడ్‌లు స్కానర్‌కూ బ్యాటరీకీ లొంగవు. లోపం తీరి, ఈసీయూ తన పరీక్ష తానే నెగ్గితేనే పోతాయి. కాలిఫోర్నియాలో వాహన కాలుష్య పరీక్ష అయిన స్మాగ్ చెక్‌లో 2021 జూలై నుంచి ఈసీయూలోని సాఫ్ట్‌వేర్‌ను కూడా సరిపోల్చుతున్నారు. మార్చిన ఫైలు బయటపడితే, కంపెనీ ఫైలునో రాష్ట్రం ఆమోదించిన ఫైలునో తిరిగి ఎక్కించే వరకు ఆ కారు పరీక్షలో నెగ్గదు.