సెల్ఫ్ మార్చే ముందు రింగు చూడండి

పాత ట్రాక్టర్ నడిపినవాళ్ళందరికీ ఆ చప్పుడు తెలుసు. తాళం తిప్పితే ఇంజన్ తిరగదు. లోపల ఇనుము ఇనుమును గీరుతున్నట్టు గర్ర్‌మంటుంది. పక్కన ఎవరున్నా వెంటనే అనే మాట ఒక్కటే: "సెల్ఫ్ పోయిందండి."

ఆ మాట నమ్మి మూడేళ్ళలో మేం రెండుసార్లు సెల్ఫ్ (ఇంజన్ని తిప్పి స్టార్ట్ చేసే మోటారు) విప్పించాం, బెండిక్స్ (ఆ మోటారు ముందు ఉండే చిన్న పళ్ళ చక్రం) మార్పించాం, చివరికి కొత్త సెల్ఫే కొన్నాం. కొత్తది బిగించిన నెలన్నరకే మళ్ళీ అదే గర్ర్. పోయింది సెల్ఫ్ కానే కాదు. ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం ఫ్లైవీల్. దాని చుట్టూ ఉండే, బెండిక్స్ పట్టుకునే రింగు పళ్ళు అరిగిపోయాయి. అరిగిన పళ్ళ మీద కొత్త బెండిక్స్ వేస్తే, దాని పళ్ళని కూడా అవే కొరికేస్తాయి.

నాకు కోపం ఎందుకంటే, ఈ మధ్యలో ఒకసారి క్లచ్ ప్లేటు కోసం బండిని నడుమకి విడదీశారు. ఇంజన్ ఒక పక్క, గేరుబాక్సు ఒక పక్క. క్లచ్ విప్పాక ఫ్లైవీల్ మొత్తం కళ్ళెదురుగా ఉంది. మేస్త్రీ చూడలేదు, పక్కనే నిలబడ్డ నేనూ చూడలేదు. క్లచ్ బిగించి బండి కలిపేశారు. రింగు కోసం ఏడాది తిరక్కుండానే మళ్ళీ అదే విడదీత, అదే కూలి.

రింగు అంతా ఒకేలా అరగదు. ఇది తెలిస్తే సగం పని అయినట్టే. డీజిల్ ఇంజన్ ఆపినప్పుడు ఎక్కడ పడితే అక్కడ ఆగదు. ఏదో ఒక సిలిండర్ కంప్రెషన్ (లోపలి గాలిని నొక్కే దశ) మీదకి వస్తుంటే దాన్ని దాటే ఊపు లేక అక్కడే నిలబడిపోతుంది. మాలాంటి మూడు సిలిండర్ల బండికి అలా ఆగే చోట్లు మూడు. నాలుగు సిలిండర్లయితే రెండు, ఎదురెదురుగా. ఒకే సిలిండర్ అయితే ఒక్కటే చోటు. ఏళ్ళ తరబడి బెండిక్స్ వచ్చి తగిలేది ఆ కాసిని పళ్ళకే. మా రింగుకి 126 పళ్ళుంటే, మూడు చోట్ల ఏడెనిమిదేసి పళ్ళు మొనలు విరిగి, ఉలితో చెక్కినట్టున్నాయి. మిగతావన్నీ నిక్షేపంగా ఉన్నాయి.

అందుకే ఒకసారి పట్టుకుంటుంది, ఒకసారి పట్టుకోదు. అందుకే టాప్ గేరులో వేసి, తాళం తీసి జేబులో పెట్టుకుని, బండిని కాస్త ముందుకీ వెనక్కీ ఊపి, న్యూట్రల్ చేసి మళ్ళీ సెల్ఫ్ కొడితే అందుకుంటుంది. అలా ఊపితే అందుకుంటోందంటే ముందు అనుమానించాల్సింది రింగునే. చూడటం కష్టమేమీ కాదు. బ్యాటరీ వైరు తీసేసి, సెల్ఫ్ బోల్టులు విప్పి పక్కన పెట్టండి. డీజిల్ ఆపే స్టాప్ లాగి ఉంచి, ఫ్యాను పుల్లీ దగ్గర ఇంజన్ని మెల్లగా తిప్పుతూ ఆ కంతలోంచి టార్చిలైటు వేయండి. అరిగిన పన్ను కనబడ్డప్పుడల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టండి. గంట పని.

ఆ గంట పని చేయక మేం ఏం చేశామో చెప్తాను. రోజూ సాయంత్రం బండిని కాలవ గట్టు వాలు మీద పెట్టడం, పొద్దున్నే రాయి తీసి దొర్లించి స్టార్ట్ చేయడం. దమ్ముల రోజుల్లో ఒక తెల్లవారుజామున రాయి తీస్తున్న మా బాబాయ్ కాలు జరక్కముందే బండి కదిలింది. పాదంలో రెండు ఎముకలు విరిగాయి. ఆ సీజనంతా ఆయన మడిలో కాలు పెట్టలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి వణుకుతోంది. కొందరు నేల మీద నిలబడి స్క్రూడ్రైవర్‌తో సోలినాయిడ్ (సెల్ఫ్‌కి కరెంటు ఇచ్చే స్విచ్) దగ్గర షార్ట్ చేసి స్టార్ట్ చేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. బండి గేరులో ఉంటే, ఇంజన్ అందుకున్న మరుక్షణం పెద్ద చక్రం ఎక్కేది మీ మీదకే.

ఇక వెల్డింగ్ సంగతి. అరిగిన పన్ను మీద రాడ్డు కరిగించి, గ్రైండర్ పట్టి "అయిపోయిందండి" అంటారు. రింగు పళ్ళకి ఫ్యాక్టరీలో పదును పెట్టి ఉంటుంది, అంటే కాల్చి చల్లార్చి గట్టిపరిచి ఉంటారు. వెల్డింగ్ వేడికి ఆ పదును చుట్టుపక్కల పళ్ళలో కూడా దిగిపోతుంది. పైగా చేత్తో అరగదీసిన పన్ను పక్క పన్ను కొలతకి రాదు. అది ఊడి క్లచ్ హౌసింగ్‌లో పడితే ఇంకో ఖర్చు.

సరైన పని చాలా పాతది. ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా ఎలా ఎక్కిస్తారో చూసిన పెద్దవాళ్ళని అడగండి. పట్టాని కాలిస్తే వ్యాకోచిస్తుంది, చక్రం మీద వేస్తే చల్లారి బిగుసుకుంటుంది. రింగూ అంతే. పాత ఇంజన్లలో చాలావాటికి రింగుకి బోల్టులుండవు, బిగువు మీదే నిలబడుతుంది. కాబట్టి దాన్ని వేడి చేసి ఊడదీసి, జరిపి, మళ్ళీ ఎక్కించొచ్చు. మూడు సిలిండర్ల బండికి ఆరో వంతు జరిపితే చాలు. మాది 21 పళ్ళు జరిపాం. అరిగిన చోట్లు ఇంజన్ ఆగే చోట్ల మధ్యకి వెళ్ళిపోయాయి. నాలుగు సిలిండర్లయితే పావు వంతు. రింగు ఆకారం ఒప్పుకుంటే తిరగేసి కూడా వేయొచ్చు, అప్పుడు పన్నుకి అరగని వైపు దొరుకుతుంది. కాకపోతే బెండిక్స్ దూరే వైపు పన్ను అంచుకి ఏటవాలు కోత ఉంటుంది, తిరగేస్తే ఆ కోత కొత్త వైపున గ్రైండింగ్‌తో పెట్టుకోవాలి.

వేడి దగ్గరే ఎక్కువమంది చెడగొడతారు. గ్యాస్ మంట ఒకేచోట పెట్టి ఎర్రగా కాలుస్తారు. అంత అక్కర్లేదు. ఒక చోట తళతళలాడేలా గీకి పెట్టుకుని, మంటని చుట్టూ సమంగా తిప్పుతూ ఉంటే సుమారు 220 డిగ్రీల దగ్గర అది గడ్డి రంగుకి వస్తుంది. అక్కడ ఆపాలి. నీలం రంగు తిరిగిందంటే 300 దగ్గరకి పోయినట్టు, పదును దిగడం మొదలైనట్టు. కొడవలికి పదును పెట్టే కమ్మరికి ఈ రంగులు మనకంటే బాగా తెలుసు. రింగు ఫ్లైవీల్ అంచున ఉండే గట్టుకి ఆనిందో లేదో చుట్టూ చూసుకుని దానంతట దాన్ని చల్లారనివ్వాలి. బండి పట్టా మీద నీళ్ళు పోస్తారు కదా అని దీని మీద పోయకూడదు.

పళ్ళు చుట్టూ పోతే కొత్త రింగే. పళ్ళ లెక్క ఒక్కటే చెప్పి కొనకండి. లోపలి కొలత, బయటి కొలత, మందం, పన్ను సైజు అన్నీ కలవాలి. పాత రింగు, బెండిక్స్ రెండూ చేత్తో పట్టుకెళ్ళండి.

రింగు సరి చేశాక కూడా దాన్ని తినేసే జబ్బులుంటాయి. మాకు ఎర్త్ వైరు కుళ్ళిపోయి ఉంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజన్ బాడీకీ మధ్య మీటరు పెడితే అర వోల్టు దాటకూడదు, మాది ఒకటిన్నర చూపించింది. అలా కరెంటు సరిగా అందక సోలినాయిడ్ టకటకమని కొట్టుకుంటుంటే ప్రతి టకకీ ఒక పన్ను మొన దెబ్బతింటోందని అర్థం. సెల్ఫ్ ముందు బుష్ (ఇరుసు తిరిగే గొట్టం ముక్క) అరిగినా బెండిక్స్ వంకరగా వచ్చి తగులుతుంది. అన్నిటికంటే పెద్ద తప్పు మన చేతిదే. ఒకసారి అందుకోకపోతే, ఫ్లైవీల్ ఇంకా ఊగుతుండగానే మళ్ళీ తాళం తిప్పుతాం. పూర్తిగా ఆగేదాకా పది లెక్కపెట్టండి.

ఈ వేసవిలో క్లచ్ పనికి బండి విప్పిస్తున్నవాళ్ళు, మేస్త్రీ మళ్ళీ కలిపే ముందు రింగు చుట్టూ ఫోటోలు తీసి ఈ పోస్టు కింద కామెంట్లలో పెట్టండి. రింగు జరిపితే సరిపోతుందా, కొత్తది కావాలా అన్నది చూసి నాకు తెలిసినంత చెప్తాను.