గాజుపెట్టెలోని మెతాతే గారికి

నమస్కారం. మొన్న మెక్సికోలోని వహాకా నగరంలో ఒక పెద్ద హోటల్‌కు భోజనానికి వెళ్తే తలుపు దగ్గరే మీ దర్శనమైంది. గాజుపెట్టె, పైన లైటు, కింద ఇత్తడి రేకు మీద ‘పూర్వికుల వారసత్వం’ అన్న అక్షరాలు. మూడు కాళ్ళు, ముందుకు వాలిన నల్లటి వీపు, ఒంటి మీద ఒక్క పిండి మరక లేదు. మొక్కజొన్న రుబ్బే రాయి మీరు, మా ఇంటి సన్నికల్లుకు వరసకు అక్క అవుతారు కనుక చనువుగా నాలుగు మాటలు రాస్తున్నాను.

నల్లమట్టి పళ్ళెంలో మిడతలు వడ్డించారు. వెల్లుల్లి, నిమ్మరసం, ఉప్పు, కారం పట్టించి వేయించిన చపులీనెస్. లెక్కపెట్టాను, ఐదు. బడి ప్రార్థనలో పిల్లల్లా బారు తీరి, అన్నీ ఒకే వైపు చూస్తున్నాయి. సందు దాటితే బజారులో ఆడవాళ్ళు అవే మిడతలను గంపల్లో గుట్టపోసి కొలిచి అమ్ముతున్నారు. అక్కడ వాటికి వారసత్వం లేదు, కొసరు ఉంది.

వడ్డించే అబ్బాయి రొట్టె చల్లారేదాకా మొక్కజొన్న చరిత్ర చెప్పాడు. గింజలను సున్నపు నీళ్ళలో ఉడికించి రాత్రంతా నానబెడితే పొట్టు ఊడుతుంది, అందులోని నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది. ఈ కిటుకు మీ అమ్మలు వేల ఏళ్ళ కిందటే కనిపెట్టారు. తెల్లదొరలు గింజ పట్టుకెళ్ళారు గానీ, సున్నం సంగతి ఆడవాళ్ళను అడగడం నామోషీ అనుకున్నారు కాబోలు, మొక్కజొన్నే తిండైన స్పెయిన్, ఇటలీ పేదలకు ఆ విటమిన్ లోపంతో వచ్చే పెలాగ్రా జబ్బు పట్టుకుంది. తాంబూలానికి తప్ప సున్నం ఎరుగని నేను నోరు వెళ్ళబెట్టాను. 1899లో ఫ్రాన్సిస్కో బుల్నెస్ అనే మెక్సికో మేధావి, గోధుమ తినే జాతులే బాగుపడతాయి, మొక్కజొన్న తినేవాళ్ళ గతి ఇంతే అని పుస్తకం రాశాడు. 2010లో యునెస్కో ఆ వంటనే మానవాళి వారసత్వమంది. బాగుపడిందెవరో బిల్లు చూశాక నాకు తెలిసింది.

“ఈ రొట్టెలు ఎవరు చేశారు?” అని అడిగాను.

“మా పూర్వికులు.”

“ఇవాళ పొద్దున్నా?”

నవ్వి, గ్లాసులో నీళ్ళు పోశాడు.

వంటింటి తలుపు ఊగినప్పుడల్లా లోపల ఒక ముసలావిడ నెరిసిన జడలు, పెనం మీద రొట్టె తిరగేసే చెయ్యి కనిపిస్తూనే ఉన్నాయి. మెనూలో షెఫ్ పేరుంది, మొక్కజొన్న రకం పేరుంది, అది పండిన ఊరి పేరుంది, మీ పేరూ ఉంది. పూర్వికురాలు కావాలంటే ముందు చచ్చిపోవాలి. ఆవిడ ఇంకా డ్యూటీలో ఉంది.

మీరూ తక్కువవారు కాదు లెండి. పిండిమరలు రాకముందు ఆడవాళ్ళను రోజుకు ఐదారు గంటలు మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. మర వచ్చాక ‘ఆ పిండికి ఈ రుచి ఎక్కడిది’ అని మగవాళ్ళు అలిగారు. అలిగినవారిలో ఒక్కరి మోకాలికీ కాయ కాసిన దాఖలా లేదు. మీ పొత్రాన్ని మెక్సికో ఆదివాసీ భాష నవాట్ల్ మాటలో ‘మెత్లపీల్’ అంటారట, అంటే మెతాతే బిడ్డ. రాతికి రాతితో చుట్టరికం కలిపారు, రుబ్బిన మనిషి మాత్రం ఏ వరసలోనూ లేదు.

ఇక మీ చెల్లెలి క్షేమం. మిక్సీ వచ్చినప్పటినుంచి పెరట్లో మునగచెట్టు కింద ఉంటోంది. పైన కోడి పడుకుంటుంది. పెళ్ళి వస్తే మాత్రం కడిగి, పసుపు రాసి లోపలికి తెస్తారు, పెళ్ళికూతురు తొక్కాలి కదా. మీ వైపూ కొన్ని ఊళ్ళలో పెళ్ళికి రంగులు వేసిన మెతాతేను కానుకగా ఇస్తారని విన్నాను. మాఘమాసంలో మా ఇంట్లో పెళ్ళి ఉంది, వీలు చూసుకుని రండి. గాజుపెట్టె ఉండదు. కోడి ఉంటుంది.

ఇట్లు,
ఐదు మిడతలు తిన్న అతిథి