పది నిమిషాల పని

పసిపిల్లల గుడ్డలు ఉతకడానికి పట్టే సమయం పది నిమిషాలు. ఇది ఎవరో పనీపాటా లేనివాళ్లు అన్న మాట కాదు. డెబ్బై నాలుగేళ్ల జీవితంలో ఒక్క గుడ్డ కూడా ఉతకని మనిషి, అంటే ఈ విషయంలో ఏ పక్షపాతమూ అంటని మనిషి, తేల్చి చెప్పిన మాట.

ఆయన మా పెదమావయ్యగారు. మావాడి అన్నప్రాసనకని అమలాపురం దగ్గర్నుంచి హైదరాబాద్ దాకా శ్రమపడి వచ్చారు. వాడు డబ్బునీ కత్తినీ వదిలేసి పెన్ను పట్టుకున్నందుకు మురిసిపోయారు. తర్వాత చూపు వాడి నడుం మీదికి దిగింది. అక్కడున్న తెల్లటి డైపర్‌ని చూసి ముఖం మాడ్చుకున్నారు.

"ఇదేంటమ్మాయ్, పసిగుడ్డుకి ప్లాస్టిక్ కడతావా? మా అమ్మ తొమ్మిదిమందిని పెంచింది. పాత పంచె చింపి గోచీ పెట్టేది. తడిపితే తీసి జాడించి ఆరేసేది. పది నిమిషాల పని!" అని, మూడోసారి గారెలు వేయించుకున్నారు.

ఈ మాట మీ ఇంట్లోనూ విని ఉంటారు. అక్కడ అన్నది బాబాయిగారో, రిటైరైన హెడ్మాస్టరుగారో, ఇంకా పెళ్లికాని మరిదో అయ్యుంటారు. మనుషులు మారతారు కానీ నిమిషాలు మాత్రం పదే.

పక్కనే ఉన్న మా ఆయన తల ఊపారు. మా ఆయన తల ఊపారంటే ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి ఆర్డర్ అయినట్టే.

ముహూర్తం కూడా దివ్యంగా కుదిరింది. ఆ సోమవారమే నేను ఆఫీసుకు వెళ్లాలి. 2017లో చట్టం మార్చి 12 వారాల ప్రసూతి సెలవుని 26 వారాలు చేశారు. నొప్పులు వచ్చే ముందురోజు దాకా పనిచేసి దాచుకున్న ఆ 26 వారాలూ అన్నప్రాసనతోపాటే అయిపోయాయి. ఇంకో సంగతి పిల్లల్ని పెంచినవాళ్లకు చెప్పక్కర్లేదు. తల్లిపాలు మాత్రమే తాగేన్నాళ్లూ పిల్లాడి గుడ్డ నీళ్లల్లో జాడిస్తే శుభ్రపడుతుంది. ఉగ్గు మొదలైన మర్నాటి నుంచి అందులో వచ్చేది పూర్తిగా వేరే పదార్థం. సరిగ్గా ఆ మర్నాడే మా ఇంటికి 24 క్లాత్ డైపర్లు వేంచేశాయి, జిరాఫీ బొమ్మలతో.

వీటిలో జాతులున్నాయి. పాకెట్, ఆల్ ఇన్ వన్, కవర్, ప్రీఫోల్డ్, ఫ్లాట్. ఫ్లాట్ అంటే ఏమిటా అని కూర్చుని రెండు వీడియోలు చూశాను. చదరపు గుడ్డ. పెదమావయ్యగారి నాన్నగారి పంచె ముక్కే, కాకపోతే నాలుగు అంచులూ కుట్టి ఆర్గానిక్ అని పేరు పెట్టారు. మా ఆయన తెప్పించినది పాకెట్ జాతి. బయట నీరు కారని పొర, లోపల సంచీ, సంచీలో దూర్చే ప్యాడ్. 3 కిలోల పిల్లాడి నుంచి 17 కిలోల పిల్లాడి దాకా ఒకటే సైజు. ముందువైపు వరసలు వరసలుగా ఉండే బటన్లను బట్టి పొడవు, వెడల్పు సర్దుకోవాలి. మా ఆయన సర్దితే ఎడమవైపు నాలుగో బటన్, కుడివైపు రెండో బటన్ పడి, పిల్లాడు ఒక పక్కకు ఒరిగిన కావడిలా పాకుతాడు.

కొన్నదాన్ని కొన్నట్టు కట్టకూడదు. కొత్త ప్యాడ్‌ని నాలుగైదుసార్లు ఉతికి ఆరేస్తేనే అది నీళ్లు పీల్చడం మొదలుపెడుతుంది. అంటే పిల్లాడు ఒక్కసారి తడపకముందే నేను నాలుగైదుసార్లు ఉతికాను.

ఇక విధినిషేధాలు. బట్టలు మెత్తబడటానికి వేసే కండిషనర్ నిషిద్ధం. బకెట్‌లో నానబెట్టడం నిషిద్ధం. ఒరుపుకి రాసే క్రీము గుడ్డకు తగలడం నిషిద్ధం. నూనె మహాపాతకం, ఎందుకంటే నూనె అంటిన గుడ్డ నీళ్లు పీల్చదు. మా అమ్మేమో మనవడికి రోజూ కొబ్బరినూనె పట్టించి, సున్నిపిండితో నలిచి, సాంబ్రాణి పొగ వేసి కానీ కాఫీ తాగదు. ఇద్దరిలో ఒకర్ని వదులుకోవాల్సి వస్తే డైపర్‌నే వదులుకుంటాను కానీ అమ్మకి ఈ మాట చెప్పే ధైర్యం నాకు లేదు. ఇక మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు. వాటిలో సబ్బు నురగ రావాలంటే మొక్కుకోవాలి. ఉప్పునీళ్లలో సబ్బు సరిగ్గా వదలదు, అది గుడ్డలోనే పేరుకుంటుంది. తెల్లవారుజామున డైపర్ విప్పితే అమ్మోనియా వాసన ముక్కులోంచి నేరుగా మెదడుకి పోతుంది. అందుకని వారానికోసారి వేడినీళ్లతో ప్రత్యేక ఉతుకు. ఆ తర్వాత మంచి ఎండ. అది జులై నెల.

ఎండ పొరపాటున వచ్చినా బాల్కనీ మనది కాదు. బయటికి బట్టలు కనిపిస్తే బిల్డింగ్ అందం చెడుతుందని అసోసియేషన్ నియమం. 24 జిరాఫీలు హాల్లో ఫ్యాను కింద వేలాడేవి. ఇంటికొచ్చినవాళ్లు వాటిని తలతో తోసుకుంటూ వచ్చి సోఫాలో కూర్చునేవారు.

అన్నిటికీ తలమానికం ఆ గురువారం రాత్రి. పదకొండు దాటింది. మా ఆయన అమెరికా కాల్‌లో ఉన్నారు. "నువ్వు పడుకో, నేను మ్యూట్‌లోనే ఉన్నాను, మెషిన్ నేను వేస్తాను" అన్నారు. ఇలాంటి త్యాగాలప్పుడు ఆడది అడ్డం పడకూడదు. పడుకున్నాను. ఆయన బకెట్‌లో ఉన్నదంతా మెషిన్‌లోకి దిమ్మరించారు. అందులో, సాయంత్రం బయటికెళ్లినప్పుడు కట్టిన వాడిపారేసే రకం డైపర్ కూడా ఒకటుంది.

ఆ డైపర్ పొట్టలో సోడియం పాలీఎక్రిలేట్ అనే పొడి ఉంటుంది. తన బరువుకి ఎన్నో రెట్లు నీళ్లు పీల్చి జెల్లీ అయిపోవడమే దాని వృత్తి. పిల్లాడు ఎన్ని నీళ్లు పోస్తాడు పాపం, గ్లాసెడు. మెషిన్ బకెట్లకి బకెట్లు పోసింది. రెండు గంటల తర్వాత తలుపు తీస్తే డ్రమ్ము నిండా ఉడికిన సగ్గుబియ్యం. నా ఆఫీసు కుర్తాల మీద, ఆయన లుంగీ మీద, జిరాఫీల కళ్లల్లో సగ్గుబియ్యం. కడుగుదామని నీళ్లు పోస్తే ఇంకా ఉబ్బింది. "మెషిన్ నిండా సగ్గుబియ్యం పాయసమే!" అని ఆయన పెట్టిన కేకకి నేను లేచి పరుగెత్తాను. అప్పటికి మ్యూట్ తీసి ఉందట. షికాగోలో ఉన్న క్లయింటు, దానివల్ల శుక్రవారం రిలీజ్ ఆగుతుందా అని మర్యాదగా అడిగాడు.

ఉప్పు వేస్తే జెల్లీ కుంచించుకుపోతుందని ఎక్కడో చదివి, ఆవకాయకని దాచిన కల్లుప్పు పోశాం. నిజంగానే కుంచించుకుంది. ఇసుకలా మారి గొట్టాల్లోకి పోయింది. ఆ రాత్రి పట్టిన కాలాన్ని పెదమావయ్యగారి కొలమానంలో లెక్కేస్తే 21 పదినిమిషాలు.

పర్యావరణం మాటేమిటి అంటారు. దానికీ లెక్కలున్నాయి. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008లో కట్టిన లెక్కలో, రెండున్నరేళ్లకి వాడిపారేసే డైపర్ల వల్ల 550 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన వాయువులు, గుడ్డవాటి వల్ల 570 కిలోలు. అంటే దొందూ దొందే. కానీ మెషిన్ నిండా వేసి, బయట తీగ మీద ఆరేసి, అవే రెండో బిడ్డకీ వాడితే గుడ్డది బాగా తగ్గుతుంది. కాబట్టి గుడ్డ మంచిదే, నేనూ కాదనను. ఆ లెక్కలో పత్తి ఉంది, నీళ్లున్నాయి, కరెంటుంది, సబ్బుంది. ఉతికిన మనిషి చేతులు మాత్రం లేవు. అది కర్బనం లెక్క కనుక సరే. మన ఇళ్లల్లో లెక్కలకి ఏమొచ్చింది?

ఒకరోజు అత్తయ్యగారు తోటకూర గిల్లుతుంటే అడిగాను, నిజంగా పది నిమిషాలేనా అని.

"ఎవరికి, మీ పెదమావయ్యగారికా? ఆయనకి పది నిమిషాలు కూడా పట్టేది కాదు. 'ఎవరక్కడ, పిల్లాడు తడిపాడు' అనడానికి ఎంతసేపు?" అన్నారు.

మరి ఉతికిందెవరు? పురుటి మైల ఉన్నన్ని రోజులూ చాకలావిడ దొడ్డి గుమ్మంలోకి వచ్చేదట. తగలకుండా దూరం నుంచి ఆ గుడ్డలు పడేస్తే, మూట కట్టుకుని కాలవ రేవుకి తీసుకెళ్లేదట. కూలి ఏమిటంటే, ఏడాదికోసారి కళ్లంలో కొలిచే గింజలు. మైల తీరాక అత్తయ్యగారూ, తోడికోడళ్లూ తెల్లారకముందే అదే కాలవకి. "ఆవిడ పేరేమిటి అత్తయ్యగారూ?" అన్నాను. చాలాసేపు ఆలోచించారు. ఆకులు గిల్లడం ఆగిపోయింది కానీ పేరు రాలేదు.

తొమ్మిదిమందిని పెంచిందట, పంచె చింపి కట్టిందట. ఎవరి వీపు మీద వెళ్లిందండీ ఆ పంచె కాలవకి? ఆ మనిషిని ముట్టుకోకుండా, ఆ మనిషి చేత ముట్టించి, ఇప్పుడు దానికి మన సంప్రదాయం అని పేరా? మా పనావిడ మొదటిరోజే చెప్పేసింది, "నా పిల్లలవి ఉతికానమ్మా, ఇంకొకరివి నావల్ల కాదు" అని. ఆమెది పొగరని అపార్ట్‌మెంట్‌లో అన్నవాళ్లున్నారు. పొగరెందుకవుతుంది? అనాల్సిన మాట అనడానికి ఇన్ని తరాలు పట్టింది. సరే, వాడిపారేసేవే వాడదామా? వాటితో పాటు పారేయడానికి కవర్లు తయారీదారులే ఇవ్వాలని 2016లోనే చెత్త నిర్వహణ నిబంధనల్లో రాశారు. మా ఇంటికొచ్చిన ఏ ప్యాకెట్‌లోనూ నాకు కవర్ కనపడలేదు. పొద్దున్నే చెత్త ఆటో దగ్గర ఒకావిడ ఒట్టిచేతులతో మా తడిచెత్తనీ పొడిచెత్తనీ విడదీస్తుంది. గుడ్డ కడితే ఒకరి చేతులు, ప్లాస్టిక్ కడితే ఇంకొకరి చేతులు. తండ్రి చేతులు ఎక్కడున్నాయి? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే ఆయనకి 15 రోజుల సెలవు. ప్రైవేటులో అయితే చట్టప్రకారం ఒక్కరోజూ లేదు. పర్యావరణం మీద అంత ప్రేముంటే ముందు ఒకటి జాడించి రండి, పిండి ఆరేయండి, తర్వాత మాట్లాడదాం.

శ్రావణంలో ఏదో పెళ్లికని పెదమావయ్యగారు మళ్లీ వచ్చారు. మూడు రోజులుగా ఒకటే వాన. 24 జిరాఫీల్లో ఒక్కటి ఆరలేదు. వాటి సరసన దుప్పట్లు, తువాళ్లు, నా చున్నీలు కూడా గోచీలై తడిసి వేలాడుతున్నాయి. మనవణ్ణి గుడికి తీసుకెళ్తానని ఆయన ముచ్చటపడ్డారు. కింద వాళ్లబ్బాయి కొత్త కారు.

"అమ్మాయ్, సీటు పాడవుతుందేమో. ఆ ప్లాస్టిక్‌ది ఒకటి కట్టు" అన్నారు.

"ఒక్కటీ లేదు మావయ్యగారూ, మీరు చెప్పారని మానేశాం."

మా ఆయన తల ఊపి ఫోన్ తీశారు. కాసేపటికి బెల్ మోగింది. పెదమావయ్యగారు చేతిగడియారం చూసుకుని, తొమ్మిదో నిమిషం అని నిర్ధారించుకుని, "చూశావా? అంతా కలిపి పది నిమిషాల పని!" అన్నారు.

తలుపు తీశాను. ప్యాకెట్ పట్టుకుని ఒక కుర్రాడు. నెత్తి మీంచి, రెయిన్‌కోటు మీంచి నీళ్లు కారి గుమ్మంలో మడుగు కట్టాయి. తల తుడుచుకోడానికి ఏదైనా ఇద్దామని లోపలికి చూశాను. ఇంట్లో ఒక్క పొడిగుడ్డ లేదు.