మా కారు ఇంజన్‌లో కాపురముంటున్న మిస్సింగు గారికి

మహారాజశ్రీ మిస్సింగు గారికి,

నమస్కారాలు. తమరు క్షేమమేనని ఈ సాయంత్రం మా తిరుపతి ఫ్లైఓవర్ ఎక్కుతుండగా తెలిసింది. వెనక బస్సు హారన్, ముందు ఆటో, సరిగ్గా అప్పుడే స్టీరింగ్ వణికి, ఎంత తొక్కినా బండి ముందుకు పోనని గునిసి, మీటరులో ఇంజన్ లైటు టపటపా కొట్టుకుంది. సిలిండర్‌లో పెట్రోలు మండకుండా ఒక్కో దెబ్బ తప్పించే మీరేనని వెంటనే గుర్తుపట్టాను. మధ్యాహ్నమంతా సర్వీస్ సెంటర్‌లో, ఏసీ చల్లబడని హాల్లో, ప్లాస్టిక్ కప్పులో చప్పటి టీ తాగుతూ కూర్చుంది మీకోసమే కదండీ! అక్కడికి మాత్రం రారు. నేను బిల్లు కట్టి గేటు దాటాక వస్తారు.

కొండ మీద స్వామి దర్శనానికైనా టోకెన్ ఇస్తారు, ఎన్ని గంటలకు రావాలో దాని మీదే రాసి ఉంటుంది. తమరి దర్శనానికి అలాంటి ఏర్పాటేమీ లేదు. మెకానిక్ పక్క సీట్లో కూర్చున్నాడంటే చాలు, మూడు సిలిండర్లూ బుద్ధిగా పనిచేస్తాయి. "ఏమీ లేదు మేడమ్, బండి బంగారం మాదిరి ఉంది. మళ్ళీ వచ్చినప్పుడు తీసుకురండి." వచ్చినప్పుడు ఎలా తీసుకురావాలి? ఫ్లైఓవర్ మీద బండి ఆపి, కాస్త ఉండండి మెకానిక్ వస్తాడు అని మిమ్మల్ని బతిమాలుకోవాలా?

రేకుల షెడ్డు నీడలో, న్యూట్రల్‌లో పెట్టి బర్రుబర్రుమని రేజ్ చేస్తే మీరెందుకు వస్తారు? లోడు లేనప్పుడు పెట్రోలు అంటించే స్పార్క్ రావడానికి పెద్ద కష్టమేముంది? ఎత్తు ఎక్కుతూ నిండుగా తొక్కినప్పుడు కదా సిలిండర్‌లో ఒత్తిడి పెరిగేది, అంత ఒత్తిడిలో ఆ స్పార్క్ ప్లగ్గు గ్యాప్ దాటాలంటే ఇంకా ఎక్కువ వోల్టేజ్ కావాలి. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల్ని వేలకు వేలు చేసి పంపే ఇగ్నిషన్ కాయిల్‌లో ఇన్సులేషన్ ఎక్కడో సన్నగా చీలి ఉంటే, వేడెక్కాక ఆ కరెంటు ప్లగ్గు దాకా పోకుండా మధ్యలోనే పక్కదారి పడుతుంది, చల్లబడ్డాక ఏమీ ఎరగనట్టు మళ్ళీ పనిచేస్తుంది. అందుకే తమరికి భాకరాపేట ఘాట్ అన్నా, మే నెల ఎండన్నా అంత ప్రేమ. ఈ మాట చెబితే "యూట్యూబ్ చూసినారా మేడమ్?" అని ఒకాయన నవ్వాడు. ఇంకొకాయన "సార్ రాలేదా?" అన్నాడు. మా సార్‌కి బానెట్ ఎక్కడ లాగితే తెరుచుకుంటుందో కూడా తెలియదు, వచ్చి ఏం చేస్తారు?

సరే, ఇవన్నీ పోనీ. బ్యాటరీ టెర్మినల్ సంగతి మాత్రం నేను మర్చిపోలేను. సిలిండర్‌లో మంట పడని ప్రతిసారీ పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ ఒక్క క్షణం నెమ్మదిస్తుంది, అది సెన్సార్ పట్టేస్తుంది, ఏ సిలిండరో కారు కంప్యూటర్ కోడ్ రాసుకుంటుంది, ఆ సమయానికి ఇంజన్ వేడెంత, ఆర్‌పీఎం ఎంత, లోడెంత అన్నీ కంప్యూటర్‌లో ఉంటాయి. అంటే నువ్వు వచ్చి వెళ్ళిన ఆనవాళ్ళన్నీ అందులో భద్రంగా ఉన్నాయి. వాళ్ళు బండి లోపలికి తోయగానే చేసిన మొదటి పని ఏంటో తెలుసా? టెర్మినల్ పీకి, "రీసెట్ చేసినాం మేడమ్" అన్నారు. ఆ తర్వాత తీరిగ్గా ఆ కోడ్‌లు చదివే స్కానర్ పెట్టి "ఎర్రర్ ఏమీ చూపించలా" అన్నారు! చెరిపేస్తే ఏం చూపిస్తుంది, మీ తలకాయ? దొంగ వేలిముద్రలు మీరే తుడిచేసి ఇంట్లో దొంగతనమే జరగలేదంటే ఎలా? పైగా బిల్లులో థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్. లైటు ఊరికే వెలగట్లేదు, కొట్టుకుంటోంది, అంటే మండని పెట్రోలు పోయి, పొగ శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతోందని, అది కాలిపోతే ఖర్చు ఎవరిదని అడిగితే "అట్లే నడపండి, ఏం కాదు" అని సమాధానం.

ఇంటికొస్తే పక్కింటాయన నెపం పెట్రోల్లో కలిపే 20 శాతం ఇథనాల్ మీద పెట్టారు. మా అత్తగారు దిష్టి అన్నారు. మా ఆయన "నీకు అలా అనిపిస్తోందేమో" అన్నారు. కాణిపాకం వినాయకుడి ముందు తడిబట్టలతో నిలబడి ప్రమాణం చేస్తాను, నువ్వు ఉన్నావు! ఉన్నావు కాబట్టే పోయిన నెల చంద్రగిరి దగ్గర లారీని ఓవర్‌టేక్ చేస్తుండగా సగంలో పికప్ చచ్చి నా ప్రాణం పోయినంత పనైంది.

ఇప్పుడు నా దగ్గర కూడా చిన్న స్కానర్ ఉంది. సాయంత్రం ఫ్లైఓవర్ దిగి పక్కకు ఆపి చూశాను. పీ0302. అంటే రెండో సిలిండర్. ఫోటో తీసి పెట్టుకున్నాను. రేపు పొద్దున మా వీధి చివర షెడ్డు కుర్రాడు రెండో కాయిల్ తీసి ఒకటో సిలిండర్‌కి, ఒకటోది తెచ్చి రెండో దానికి పెడతాడు. ("చేద్దాం లేక్కా" అన్నాడు, ఒక్క ప్రశ్న వేయలేదు, వాడు చల్లగా ఉండాలి.) కోడ్ పీ0301, అంటే ఒకటో సిలిండర్, అయిందా, కాయిలే దొంగ. రెండులోనే ఉన్నావా, ప్లగ్గు, ఇంజెక్టరు, కంప్రెషన్ దాకా తవ్వుతాం. బ్యాటరీ జోలికి ఎవడొచ్చినా చెయ్యి విరుస్తాను.

తర్వాత వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అలిపిరి నుంచి పైకి ఎక్కిస్తాను. లైటు కొట్టుకుందంటే అక్కడే పక్కకు తీసి ఆపేస్తాం. ఎలాగూ 28 నిమిషాల లోపు కొండెక్కితే ఫైన్ వేస్తారు, మాకు తొందరేమీ లేదు. తీరిగ్గానే రా.

ఇట్లు,
మూడు సిలిండర్లకు డబ్బు కట్టి రెండింటి మీద తిరుగుతున్న ఓనరు