విచారణ గడప దగ్గర న్యాయం

ఆగస్టు 10న మన కతోలిక విచారణల్లో (అంటే పారిష్‌లలో) చాలాచోట్ల నల్ల బ్యాడ్జీలు కనిపిస్తాయి. 1950లో అదే రోజు వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, దళిత క్రైస్తవులు మాత్రం ఇప్పటికీ బయటే. మతం షరతు తీసేయమని కేంద్రం వేసిన రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది, 2023లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ కూడా తీర్మానం చేసి పంపింది. ఈ డిమాండ్ న్యాయమైనదే, మేమూ ఆ పక్షమే.

అయితే మా కంప్లయింట్ వేరే. ఏడాదికోసారి ర్యాలీ తీసి, కలెక్టరేట్‌లో వినతిపత్రం ఇచ్చి, ఫొటో దిగితే విచారణలోని న్యాయ శాంతి కమిటీ పని అయిపోయినట్టేనా?

కులం పేరుతో తిట్టి కొట్టారని ఒక కూలీ స్టేషన్‌కు వెళ్తాడు. సర్టిఫికెట్‌లో హిందూ మాల అనో మాదిగ అనో ఉంటుంది, గుడిలోని జ్ఞానస్నాన (బాప్తిస్మ) రిజిస్టర్‌లో క్రైస్తవ పేరుంటుంది. ఇతను ఎస్సీ కాదు, క్రైస్తవుడని చూపడానికి అవతలి పక్షం లాయర్ మొదట లాగేది ఆ రిజిస్టర్‌నే. క్రైస్తవంలోకి మారినవాళ్లకు ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పాక ఈ టెన్షన్ ఇంకా పెరిగింది. అలాంటి మనిషి వెంట స్టేషన్‌కు వెళ్లేదెవరు, ఈ కేసు దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారే చేయాలని అక్కడ గట్టిగా అడిగేదెవరు, వాయిదా వాయిదాకూ సాక్షుల బస్సు ఛార్జీలు, పోయిన కూలి డబ్బులు చూసేదెవరు? విచారణ సంఘం చేయాల్సిన పని ఇది, మైకు అక్కర్లేని పని. మరియ సేనా దళం (లీజియన్ ఆఫ్ మేరీ అనే భక్త సంఘం) వాళ్లు జబ్బుపడినవాళ్ల ఇళ్లకు వారం వారం వెళ్తూనే ఉన్నారు కదా, అదే పట్టుదల ఇక్కడెందుకు కనిపించదు?

ఇక ఇంటి సంగతి. తెలుగునేల మీద కతోలికం 18వ శతాబ్దంలో జెసూట్ గురువులతో పల్లెలకు చేరినప్పుడు రెడ్డి కుటుంబాలతో పాటు వాళ్ల కులమూ గుడిలోకి వచ్చింది, ఆ తర్వాత బయటికి పోయింది లేదు. తిరుచ్చి మేలపుదూర్ కతోలిక శ్మశానంలో దళితుల సమాధులను వేరు చేస్తూ గోడే కట్టారు. శ్రీసభలో, అంటే కతోలిక చర్చిలో, అంటరానితనం ఉందని, అది పాపమని బిషప్పుల సమాఖ్య 2016 డిసెంబరులో తన దళిత విధానంలో రాతపూర్వకంగానే ఒప్పుకుంది. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చ్‌బిషప్) పూల అంతోని గారు తొలి దళిత కార్డినల్ (పోప్ తర్వాతి హోదా) అయ్యారు, గర్వపడ్డాం, స్వీట్లూ పంచుకున్నాం. మరి మీ విచారణ కౌన్సిల్‌లో దళితపేట నుంచి ఎంతమంది ఉన్నారు? పండగ లెక్కలు రాసేదెవరు, మోసేదెవరు?

జవాబులు కాగితం మీద రాసి గుడి నోటీసు బోర్డుకు అంటించండి, శ్మశానం ఎవరి భాగం ఎక్కడుందో కూడా కలిపి. దీనికి బిషప్ గారి సర్క్యులర్ రావాల్సిన పని లేదు, వచ్చే ఆదివారం పూజ అయ్యాక అరగంట కూర్చుంటే చాలు.