ఢిల్లీ పొత్తుల లెక్క సొంత రాష్ట్రంలోనే తేలుతుంది

2024 జూన్ 4న ఓట్ల లెక్కింపు సగానికి వచ్చేసరికే బీజేపీ సొంతంగా మెజారిటీకి కావలసిన 272 మార్కు దాటదని అర్థమైపోయింది. ఆ సాయంత్రం నుంచి టీవీ చర్చలన్నీ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగాయి. చంద్రబాబు, నీతీశ్ ప్రతిపక్ష ఇండియా కూటమి వైపు వెళ్తారా? ‘కింగ్‌మేకర్లు’ అన్న మాట పత్రికల పతాక శీర్షికలకెక్కింది. పాత ఫోటోలు బయటికొచ్చాయి, ఎవరు ఎవరికి ఫోన్ చేశారన్న కథనాలు పుట్టుకొచ్చాయి.

ఆ ప్రశ్న ఎంతవరకు నిలుస్తుందో కాగితం మీద లెక్క వేసి చూడవచ్చు. బీజేపీ నాయకత్వంలోని ఎన్డీయేకు వచ్చినవి 293 స్థానాలు. అందులో తెలుగుదేశానివి 16, నీతీశ్ పార్టీ జేడీయూవి 12. తెలుగుదేశం ఒక్కటే వెళ్లిపోతే ఎన్డీయేకు 277 మిగులుతాయి, ప్రభుత్వం నిలుస్తుంది. రెండూ కలిసి వెళ్తే 265కు పడిపోతుంది. సరే, అప్పుడు ఇండియా కూటమి ప్రభుత్వం ఏర్పడుతుందా? 234కు ఈ 28 కలిపితే 262. ఇంకా పది మంది కావాలి. రెండు కూటముల్లోనూ లేనివారు మొత్తం 16 మందే. వారిలో నలుగురు వైఎస్సార్ కాంగ్రెస్ సభ్యులు. చంద్రబాబు ఆధారంగా నిలబడే ప్రభుత్వానికి జగన్ ఓటు వేస్తారా? మిగిలిన పన్నెండు మందిలో మజ్లిస్, అకాలీదళ్, ఈశాన్య రాష్ట్రాల చిన్న పార్టీలు, స్వతంత్రులు ఉన్నారు. వారిలో పది మందిని ఒక్క తాటి మీదికి తేవాలి. పది నిమిషాల లెక్కతో పక్కన పెట్టవలసిన ఊహ దేశాన్ని రెండు రోజులు ఊపేసింది.

ఈ కూడికలు, తీసివేతల కన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. తెలుగుదేశం అసలు ఎందుకు వెళ్లాలి? ఆంధ్రప్రదేశ్‌లో దాని ప్రత్యర్థి వైఎస్సార్ కాంగ్రెస్. కాంగ్రెస్‌కు అక్కడ ఒక్క లోక్‌సభ స్థానం కూడా లేదు. బీజేపీ, జనసేనలతో కలిసి పోటీ చేస్తే రాష్ట్రంలో కూటమికి 25కు 21 స్థానాలు వచ్చాయి. రాజధాని కట్టాలి, పోలవరం పూర్తి కావాలి, రెండింటికీ కేంద్రం డబ్బు కావాలి. ఆ జులై బడ్జెట్‌లోనే అమరావతికి రూ.15 వేల కోట్లు సమకూరుస్తామన్న ప్రకటన వచ్చింది. రాష్ట్రంలో ఏ కోణంలో చూసినా కూటమి మారవలసిన అవసరం కనిపించదు. ఢిల్లీ స్టూడియోల్లో కూర్చుని చూసినవారికే అది సాధ్యమనిపించింది.

నా వాదన ఇదే. హోరాహోరీ ఎన్నికల ముందు ఎవరు ఎవరితో కలుస్తారని అంచనా వేయాలంటే సీట్ల సంఖ్య కన్నా, జాతీయ స్థాయి సిద్ధాంతాల కన్నా, ప్రతి ప్రాంతీయ పార్టీకి సొంత రాష్ట్రంలో ప్రధాన శత్రువు ఎవరన్నది ముందు చూడాలి. అది తెలిస్తే సగం తలుపులు మూసుకుపోతాయి. తెరిచి ఉన్నవి ఏవో కనిపిస్తాయి.

దీనికి 1998 మార్చిని మించిన పాఠం లేదు. అప్పటికి చంద్రబాబు యునైటెడ్ ఫ్రంట్ కన్వీనర్. దేవెగౌడ, గుజ్రాల్ ప్రభుత్వాలను నిలబెట్టిన కూటమి అది, దాని ఉనికికే బీజేపీ వ్యతిరేకత మూలం. ఎన్నికల ఫలితాల్లో బీజేపీకి 182, కాంగ్రెస్‌కు 141 వచ్చాయి. ఎవరికీ మెజారిటీ లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో కాంగ్రెస్ 22 గెలుచుకుంది, తెలుగుదేశం 12 దగ్గర ఆగిపోయింది. బీజేపీ నాలుగే గెలిచినా, సుమారు 18 శాతం ఓట్లు తెచ్చుకుంది. విశ్లేషకులందరూ సీట్ల అంకెలనే చూశారు. చంద్రబాబును కలవరపెట్టింది బీజేపీకి వచ్చిన ఆ 18 శాతం అని నా అభిప్రాయం. కాంగ్రెస్ వ్యతిరేక ఓటు చీలిపోతోంది. వచ్చే ఏడాది శాసనసభ ఎన్నికలున్నాయి. ఢిల్లీలో బీజేపీని అడ్డుకోవాలంటే యునైటెడ్ ఫ్రంట్ కాంగ్రెస్‌తో చేతులు కలపాలి. అదే జరిగితే, కాంగ్రెస్‌ను ఓడించడానికే పుట్టిన పార్టీ రాష్ట్రంలో ఏ ముఖం పెట్టుకుని ఓట్లు అడుగుతుంది?

చంద్రబాబు మొదట తటస్థమన్నారు. రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ వాజపేయిని మద్దతు లేఖలు అడిగారు, జయలలిత లేఖ ఆలస్యమైంది. మార్చి 24న అమలాపురం తెలుగుదేశం సభ్యుడు జి.ఎం.సి. బాలయోగి లోక్‌సభ స్పీకర్ అయ్యారు. 28న విశ్వాస పరీక్షలో వాజపేయికి 274, వ్యతిరేకంగా 261. తేడా 13. తెలుగుదేశం సభ్యులు వాజపేయికి అనుకూలంగా కాక ఎదురు ఓటు వేసి ఉంటే ఆ ప్రభుత్వం ఆనాడే పడిపోయేది. మరుసటి ఏడాది రెండు పార్టీలూ కలిసి పోటీ చేసి 42లో 36 గెలుచుకున్నాయి, తెలుగుదేశం 29, బీజేపీ 7. రాష్ట్రంలో ఓటు చీలిక సమస్యకు ఢిల్లీలో పరిష్కారం దొరికింది.

యునైటెడ్ ఫ్రంట్ పార్టీ కదా అని బీజేపీ రాకూడదన్న కోరికతో తెలుగుదేశానికి ఓటు వేసినవారు, ముఖ్యంగా ముస్లింలు, ఆ మార్చిలో మోసపోయామనుకున్నారు. వారి బాధలో న్యాయముంది. పార్టీ తన దారి మార్చుకోవచ్చు, రాజకీయాల్లో అది సహజమే. కానీ ఫలితాలు అటూ ఇటూ అయితే ఏం చేస్తామో పోలింగ్ ముందు చెప్పకుండా తర్వాత చెప్పడం ఓటరుకు అన్యాయం.

వాజపేయి ప్రభుత్వం 1999 ఏప్రిల్ 17న ఒక్క ఓటుతో, 269-270తో ఓడింది. నాలుగు రోజుల తర్వాత సోనియా గాంధీ రాష్ట్రపతి భవన్ బయట తమకు 272 మంది మద్దతుందని ప్రకటించారు. లెక్కలో సమాజ్‌వాదీ పార్టీ ఉంది, దాని నేత ములాయం సింగ్ మాత్రం ఒప్పుకోలేదు. సోనియా విదేశీయత గురించి అప్పుడు చాలా మాట్లాడారు. అసలు కారణం లక్నోలో ఉంది. బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత ఉత్తరప్రదేశ్‌లో కాంగ్రెస్‌ను వీడిన ముస్లిం ఓటు ములాయం వెనక నిలిచింది. కాంగ్రెస్ ఢిల్లీలో అధికారంలోకి వస్తే ఆ ఓటు వెనక్కి పోతుందన్న భయం ఆయనది. అదే ములాయం 2008 జులైలో అణు ఒప్పందంపై వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకుంటే మన్మోహన్ ప్రభుత్వాన్ని గట్టెక్కించారు. 275-256తో సర్కారు నిలిచింది. ఈ తొమ్మిదేళ్లలో ఆయన సిద్ధాంతం మారలేదు, శత్రువు మారారు. 2007లో మాయావతి సొంత మెజారిటీతో ఉత్తరప్రదేశ్ గద్దెనెక్కారు. ఆమె కాంగ్రెస్ నాయకత్వంలోని యూపీఏ కూటమికి దూరమైన వెంటనే ములాయం దగ్గరయ్యారు.

దీనికి పైకి ఎదురు ఉదాహరణగా కనిపించేది 2004. కేరళలోని 20 స్థానాల్లో వామపక్ష కూటమి 18 గెలిచింది, కాంగ్రెస్‌కు సున్నా. బెంగాల్లోనూ కాంగ్రెస్‌తో పోరాడే గెలిచారు. అలాంటి వామపక్షాలు దాదాపు 60 మంది సభ్యులతో కాంగ్రెస్ ప్రధానిని నిలబెట్టాయి. నిలబెట్టిన తీరు మాత్రం గమనించాలి. ఒక్క మంత్రి పదవి తీసుకోలేదు, బయటి నుంచే మద్దతిచ్చాయి. రాష్ట్రంలో శత్రువైన పార్టీతో కేంద్రంలో కలవక తప్పనప్పుడు పుట్టే ఏర్పాటే ఈ బయటి మద్దతు. 1989లో వి.పి. సింగ్‌కు బీజేపీ, వామపక్షాలు ఇచ్చింది ఇదే, 1990లో చంద్రశేఖర్‌కు కాంగ్రెస్ ఇచ్చిందీ ఇదే. వి.పి. సింగ్ ప్రభుత్వం ఏడాది నిండకుండా పడిపోయింది, చంద్రశేఖర్ నాలుగు నెలలకే రాజీనామా చేశారు. కాబట్టి ఎన్నికల ముందు కూటమి అంకెలు ఎవరు చెప్పినా, అందులో మంత్రివర్గంలో చేరేవారెందరు, బయట నిలబడేవారెందరు అని విడదీసి అడగాలి. రెండూ ఒకే రకం మద్దతు కావు.

శత్రువు మారితే గోడలు కూడా కూలతాయి. 2018లో తెలుగుదేశం మూడున్నర దశాబ్దాల కాంగ్రెస్ వ్యతిరేకతను పక్కన పెట్టి తెలంగాణలో కాంగ్రెస్‌తో కలిసి పోటీ చేసినప్పుడు చాలామంది నిర్ఘాంతపోయారు. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది. ప్రత్యర్థే లేనప్పుడు వైరం ఎవరితో? అదే ఏడాది మార్చిలో ఎన్డీయే నుంచి బయటికి రావడం కూడా రాష్ట్రంలోని ఒత్తిడి ఫలితమే. ప్రత్యేక హోదాపై వైఎస్సార్ కాంగ్రెస్ అవిశ్వాస తీర్మానానికి నోటీసు ఇచ్చింది. వెనకబడితే జనం క్షమించరని తెలుగుదేశం గ్రహించింది. కూటమి వీడి, సొంతంగా నోటీసు ఇచ్చింది.

ఇక సీట్ల జోస్యం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. 2019లో బీజేపీకి 37.4 శాతం ఓట్లు, 303 స్థానాలు. 2024లో 36.6 శాతం, 240 స్థానాలు. ఒక్క శాతం కూడా తగ్గని ఓటుతో 63 సీట్లు పోయాయి. ఉత్తరప్రదేశ్‌లో 62 నుంచి 33కు దిగజారింది, ఒడిశాలో 8 నుంచి 20కి, తెలంగాణలో 4 నుంచి 8కి పెరిగింది. తమిళనాడులో 11 శాతం ఓట్లు వచ్చినా ఒక్క సీటూ రాలేదు. 350కి పైగా అని చెప్పిన ఎగ్జిట్ పోల్స్ గతి తెలిసిందే. పోరు బిగుసుకున్నప్పుడు సర్వేల్లో దొర్లే పొరపాటు కూటమి భవిష్యత్తును తేల్చే తేడా కన్నా పెద్దది. అలాంటి అంకెల మీద మంత్రివర్గాలు కూర్చడం ప్రమాదకరం. తెలంగాణ రాష్ట్ర సమితి 2019లో ‘సారు, కారు, పదహారు’ అని ప్రచారం చేసింది. హంగ్ (ఎవరికీ మెజారిటీ లేని సభ) వస్తే పదహారు మందితో ఢిల్లీని శాసించవచ్చన్నది ఆ నినాదం సారం. వచ్చినవి తొమ్మిది. పదహారూ వచ్చినా 303 ముందు ఆ సంఖ్యకు విలువ ఉండేది కాదు.

ఊహాగానాల్లో తరచూ మరిచిపోయే పాత్ర రాష్ట్రపతిది. ఎవరిని ముందు పిలవాలో రాజ్యాంగం చెప్పదు, 75వ అధికరణం ప్రధానిని రాష్ట్రపతి నియమిస్తారని మాత్రమే అంటుంది. 1996లో శంకర్ దయాళ్ శర్మ అతి పెద్ద పార్టీ అన్న ఒక్క ప్రాతిపదికన వాజపేయిని పిలిచారు, ఆ ప్రభుత్వం 13 రోజుల్లో ముగిసింది. రెండేళ్ల తర్వాత నారాయణన్ లేఖలు చూపితేనే అన్నారు. కేంద్ర, రాష్ట్ర సంబంధాలను పరిశీలించిన సర్కారియా కమిషన్ గవర్నర్ల కోసం ఒక వరుస సూచించింది. ఎన్నికల ముందు కుదిరిన కూటమికి తొలి ప్రాధాన్యం, తర్వాత ఇతరుల మద్దతు చూపిన అతి పెద్ద పార్టీ, ఆ తర్వాత ఫలితాల అనంతరం అతికించుకున్న కూటములు. ముందే ప్రజలకు చెప్పి ఓట్లు అడిగినవారికి ఎక్కువ విలువ ఇవ్వాలన్న ఆలోచన అందులో ఉంది. రాష్ట్రపతి స్థాయిలోనూ అది లిఖిత సంప్రదాయం కావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అప్పుడైనా పార్టీలు తమ పొత్తులను పోలింగ్ ముందే బయటపెడతాయి.

ఉమ్మడి కార్యక్రమాల సంగతీ అంతే. 1996లో యునైటెడ్ ఫ్రంట్, 1998లో వాజపేయి కూటమి, 2004లో యూపీఏ తమ ఉమ్మడి పత్రాలను ఫలితాలు వచ్చాకే రాసుకున్నాయి. ఓటరు చదివి ఓటు వేసిన మేనిఫెస్టోలు అప్పటికి పక్కకు పోయాయి.

తదుపరి లోక్‌సభ ఎన్నికలు 2029లో జరగాలి. అప్పుడు కూడా ఎవరు కింగ్‌మేకర్ అన్న చర్చే మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్ ఓటరు ముందున్నది అంతకన్నా కష్టమైన ప్రశ్న. 2024లో రాష్ట్రంలో గెలిచిన 25 మందిలో 21 మంది ఎన్డీయే వారు. మిగిలిన నలుగురి పార్టీ ఏ కూటమిలోనూ లేదు. కానీ 2025 సెప్టెంబరులో ఉపరాష్ట్రపతి ఎన్నిక వచ్చినప్పుడు ఇండియా కూటమి తెలుగువాడైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డిని నిలబెట్టినా, తెలుగుదేశంతో పాటు వైఎస్సార్ కాంగ్రెస్ కూడా ఎన్డీయే అభ్యర్థి సి.పి. రాధాకృష్ణన్‌కే మద్దతిచ్చింది. రాష్ట్రంలో బద్ధ శత్రువులైన రెండు పార్టీలు ఢిల్లీలో ఒకే వైపు ఓటు వేశాయి. తెలంగాణలోని బీఆర్ఎస్ ఓటింగుకే దూరంగా ఉండిపోయింది.

అంటే గుంటూరులోనో కర్నూలులోనో ఒక ఓటరు కేంద్రంలో ప్రభుత్వం మారాలనుకున్నా, మారకూడదనుకున్నా, రాష్ట్రంలోని రెండు పెద్ద పార్టీల మధ్య ఆ ఎంపికే లేదు. ఆ స్థితి ఆ పార్టీలకు సౌకర్యంగా ఉంది. ఓటరుకు సౌకర్యంగా లేదు. హంగ్ పార్లమెంటు వస్తే మీ సభ్యులు విశ్వాస పరీక్షలో ఎవరికి ఓటు వేస్తారు, ఏ షరతుల మీద, మంత్రివర్గంలో చేరతారా లేక బయట ఉంటారా? ఈ మూడు ప్రశ్నలకు చంద్రబాబు, జగన్, కేసీఆర్ సమాధానాలు 2029 మేనిఫెస్టో మొదటి పేజీలో ఉండాలి. లేకపోతే ప్రతి ప్రెస్ మీట్‌లో విలేకరులు వాటినే మళ్లీ మళ్లీ అడగాలి.