నోటు వెనక్కి తిప్పి చూడటం డిగ్రీలోనే నేర్పాలి

నేను ఇరవై రెండేళ్ళుగా ఒక చిన్న పట్టణంలోని కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. ప్రతి సంవత్సరం లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్ ఫలితాలు వచ్చాక బంధువుల పిల్లలు, పాత కక్షిదారుల పిల్లలు ఫోన్ చేసి ఏ కాలేజీలో చేరమంటారని అడుగుతారు. దానికి జవాబు చెప్పడం తేలికే. డిగ్రీ మూడేళ్ళలో చట్టానికి సంబంధించి ఏం చదివావమ్మా అని నేను తిరిగి అడిగినప్పుడు వాళ్ళు చెప్పేది వింటేనే బాధ కలుగుతుంది. బీకామ్ వాళ్ళు వాణిజ్య చట్టాల పేపరు ఒకటి ఉండేదంటారు, బీఏ వాళ్ళు రాజ్యాంగం గురించి కొంత చదివామంటారు, బీఎస్సీ వాళ్ళకు ఆ పరిచయమే ఉండదు. లా కాలేజీకి ముందరి ఆ మూడేళ్ళను మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎవరూ పట్టించుకోవడం లేదు. ఆ నష్టం చివరకు కోర్టు మెట్లెక్కే మనుషుల మీద పడుతోంది.

2019 వేసవి సెలవుల్లో జరిగిన ఒక సంగతి చెబుతాను. ఒక రైతు, తన దగ్గర అప్పు తీసుకున్న మనిషి రాసిచ్చిన ప్రామిసరీ నోటు పట్టుకొని మా ఆఫీసుకు వచ్చాడు. నోటు తేదీ 2013 జూన్. అప్పట్లో నా దగ్గర కొత్తగా చేరిన జూనియర్, బీఎస్సీ తరువాత మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ ఫస్టు క్లాసులో పూర్తి చేసిన కుర్రవాడు, తేదీ చూసి, నోటు మీద దావాకు గడువు మూడేళ్ళే కాబట్టి దీనికి కాలదోషం పట్టిందని, ఇక చేయగలిగింది ఏమీ లేదని ఆయనకు చెప్పేశాడు. రైతు లేచి వెళ్ళబోతుండగా మా గుమాస్తాగారు ఆ కాగితం అడిగి తీసుకొని వెనక్కి తిప్పారు. వెనక చెల్లు ఉంది. 2016 మే నెల మధ్యలో, అంటే మూడేళ్ళు నిండకముందే, బాకీదారు కొంత సొమ్ము కట్టి, ఆ సంగతి రాసి సంతకం చేశాడు. 1963 నాటి కాలపరిమితి చట్టం 19వ సెక్షన్ ప్రకారం, గడువు లోపల బాకీలో కొంత చెల్లించి, ఆ చెల్లింపు కట్టినవాడి చేతిరాతతోనో సంతకంతోనో నమోదై ఉంటే, చెల్లించిన రోజు నుంచి గడువు మళ్ళీ కొత్తగా మొదలవుతుంది. ఆ లెక్కన చూసినా గడువు పది రోజుల క్రితమే అయిపోయింది కదా అన్నాడు మా జూనియర్. "అయిపోయిన రోజున కోర్టుకు సెలవులు బాబూ, తెరిచిన రోజున వేస్తే చాలు" అన్నారు గుమాస్తాగారు. అదే చట్టంలోని 4వ సెక్షన్ చెప్పే మాట అది. ఆ నంబరు ఆయనకు తెలియదు, ఆయన చదివింది పదో తరగతి. జూన్‌లో కోర్టు తెరిచిన రోజునే దావా వేశాం.

ఆ కుర్రవాడిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. అతడు తెలివైనవాడు, కష్టపడేవాడు, ఈ రోజు సొంతంగా మంచి ప్రాక్టీసు చేసుకుంటున్నాడు. కాలపరిమితి చట్టం అతడు పరీక్షకు చదివాడు, 19వ సెక్షన్ మీద వ్యాసం కూడా రాసి ఉంటాడు. అయితే అప్పటివరకు ఒక అసలు నోటును చేతిలోకి తీసుకొని, తేదీ, సాక్షులు, స్టాంపు, వెనకవైపు రాతలు వరుసగా పరిశీలించమని అతడికి ఎవరూ చెప్పలేదు. డిగ్రీలో మూడేళ్ళు, లా కాలేజీలో మూడేళ్ళు కలిపి ఆరేళ్ళ చదువులో ఒక్క పీరియడ్ కూడా దానికి దొరకలేదు. అందుకే నేను అడుగుతున్నాను: మన డిగ్రీ కాలేజీల్లో న్యాయశాస్త్ర అధ్యయనం ఒక ప్రధాన సబ్జెక్టుగా ఎందుకు ఉండకూడదు? దాని నడిబొడ్డున కాగితం చదవడం, కాగితం రాయడం అనే రెండు పనులు ఎందుకు ఉండకూడదు?

న్యాయశాస్త్రం డిగ్రీలో పెట్టాలనగానే చాలామందికి సెక్షన్లు కంఠతా పట్టించడం గుర్తొస్తుంది. ఆ పద్ధతి ఎంత నిలకడ లేనిదో 2024 జూలై 1న అందరం కళ్ళారా చూశాం. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 511 సెక్షన్లు ఉండేవి, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 358 ఉన్నాయి. హత్యకు శిక్ష 302 నుంచి 103కు మారింది, మోసం 420 నుంచి 318కి మారింది, భర్త, అతని బంధువులు పెట్టే హింస 498ఏ నుంచి 85కు వెళ్ళింది. నంబర్లే చదువనుకున్నవాళ్ళు ఆ నెలలో దాదాపు నిరక్షరాస్యులైపోయారు. మోసం అనే నేరం రుజువు కావాలంటే వాగ్దానం చేసిన నాడే మోసగించే ఉద్దేశం ఉండాలని, ఆ తరువాత మాట తప్పడం మాత్రమే మోసం కాదని అర్థం చేసుకున్నవాళ్ళకు నంబరు మారినా పెద్ద ఇబ్బంది కలగలేదు. నేరానికి కావలసిన అంశాలను విడదీసి, ఎదురుగా ఉన్న సంగతులతో ఒక్కొక్కటిగా పోల్చి చూసే ఈ అలవాటు పద్దెనిమిదేళ్ళ వయసులో పట్టుబడితే జీవితాంతం ఉంటుంది. ఇరవై మూడేళ్ళకు, లా కాలేజీలో ఒక్కసారిగా పదుల కొద్దీ చట్టాలు మీద పడిన తరువాత మొదలుపెడితే ఊపిరి ఆడదు.

లాసెట్ ఆ లోటును పూడుస్తుందని కొందరు అంటారు. తొంభై నిమిషాల్లో 120 ప్రశ్నలకు జవాబులు గుర్తించే పరీక్ష అది. అందులో 60 ప్రశ్నలు న్యాయవిద్య మీద అభిరుచిని పరీక్షించేవి. మా ఊళ్ళో పిల్లలు రెండు నెలలు ఒక గైడు చదివి ఆ అరవై ప్రశ్నలకు సిద్ధమవుతారు. ప్రవేశానికి ఒక వడపోత కావాలి, దాన్ని కాదనను. కాని గైడు చదివి తెచ్చుకున్న ర్యాంకు ఒక తీర్పును మొదటి నుంచి చివరి దాకా చదివి, ఇందులో సంగతులు ఏవి, వివాదాంశం ఏది, న్యాయమూర్తి ఆ నిర్ణయానికి ఎందుకు వచ్చారు అని ఒక పేజీలో రాసే శక్తిని ఇవ్వదు.

ఒక పాఠం ఎలా ఉండాలని నేను అనుకుంటున్నానో చెల్లని చెక్కు ఉదాహరణతో చెబుతాను. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద కేసు నిలబడాలంటే చెక్కును దాని చెల్లుబాటు కాలంలోపల బ్యాంకులో వేయాలి. సొమ్ము లేదని బ్యాంకు నుంచి సమాచారం అందిన రోజు నుంచి 30 రోజుల్లోపల నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన తరువాత సొమ్ము కట్టడానికి అవతలివాడికి 15 రోజులు ఉంటాయి. అవి గడిచాక ఒక నెలలోపల ఫిర్యాదు దాఖలు చేయాలి. ఇక్కడ నాలుగు గడువులు ఉన్నాయి, నాలుగూ వేరువేరు రోజుల నుంచి మొదలవుతాయి. డిగ్రీ విద్యార్థికి ఒక నమూనా చెక్కు, బ్యాంకు మెమో, పోస్టల్ రసీదు, అందినట్టు తెలిపే కార్డు ఇచ్చి, ఫిర్యాదు ఏ తేదీలోపల వేయాలో లెక్కకట్టమనండి, తరువాత ఆ నోటీసును ఒక పేజీలో రాయమనండి. ఒక గంట పాఠంలో చట్టం చదవడం, కాగితాలు చదవడం, తేదీలు లెక్కించడం, స్పష్టంగా రాయడం అన్నీ వచ్చేస్తాయి. ఆ విద్యార్థి తరువాత లా చదివినా, బ్యాంకులో చేరినా, సొంత వ్యాపారం పెట్టుకున్నా ఈ పాఠం అక్కరకు వస్తుంది.

భాష సంగతి మరీ ముఖ్యం. మా కోర్టులో కక్షిదారు తెలుగులో చెబుతాడు, మేము దావా ఇంగ్లీషులో రాస్తాం, సాక్షి మళ్ళీ తెలుగులో చెబుతాడు, అది మళ్ళీ ఇంగ్లీషులో నమోదవుతుంది. ఒక ఆడపడుచు వచ్చి, పెళ్ళినాడు మా నాన్న పసుపు కుంకుమల కింద ఎకరం రాసిచ్చాడండీ అంటుంది. ఆ ఒక్క మాటలో భూమి ఇచ్చిన సందర్భం ఉంది, ఇచ్చిన ఉద్దేశం ఉంది. "రాసిచ్చాడు" అన్నప్పుడు రిజిస్టరు చేయించాడా, తెల్లకాగితం మీద రాశాడా అనే అసలు ప్రశ్న కూడా అందులోనే దాగి ఉంది. స్వార్జితం, పిత్రార్జితం, ఉమ్మడి, భోగబంధకం లాంటి మాటలను పల్లెలో జనం ఏ అర్థంతో వాడుతున్నారో, చట్టం ఏ అర్థంలో తీసుకుంటుందో తెలియని జూనియర్ ఆమె చెప్పిన దాన్ని ఇంగ్లీషులోకి దింపేటప్పుడు కేసునే మార్చేస్తాడు. దావాలో ఆస్తి వివరాలు రాసే షెడ్యూలులో తూర్పు హద్దు, పడమర హద్దు తారుమారై, డిక్రీ వచ్చాక అమలులో ఇరుక్కుపోయిన దావా నేనే చూశాను. తెలుగు మీడియంలో డిగ్రీ చదివే పిల్లలు ఈ పనిలో ఇంగ్లీషు మీడియం పిల్లల కన్నా ముందుండగలరు, కాకపోతే ఆ బలం వాళ్ళకు ఉందని చెప్పేవాళ్ళు, దానికి పదును పెట్టేవాళ్ళు లేరు.

ఇప్పటివరకు లా చదవబోయేవాళ్ళ గురించే చెప్పాను. నా మనసుకు అంతకన్నా దగ్గరైనది గుమాస్తాల సంగతి. వకాలత్ నింపడం, కోర్టు ఫీజు లెక్కకట్టడం, సమన్లు పంపే ఖర్చు కింద బట్టా కట్టడం, లోపాలున్నాయని కోర్టు తిప్పి పంపిన (రిటర్న్ అయిన) దావాలో అభ్యంతరాలు చూసి గడువులోపల తిరిగి వేయడం, సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టడం, వాయిదాల డైరీ రాయడం, ఇప్పుడైతే ఈ-ఫైలింగ్ చేయడం కూడా వాళ్ళ పనే. ఇంత పని చేసే మనుషులకు మా పట్టణం లాంటి చోట్ల ఒక చదువు లేదు, చదివామని చూపించుకునే పట్టా లేదు. ఎక్కడో ఒక ప్లీడరు దగ్గర కుర్రతనంలో చేరి, తిట్లు తింటూ నేర్చుకోవడమే దారి. మా గుమాస్తాగారి లాంటి పెద్దలు ఒక్కొక్కరే విశ్రాంతి తీసుకుంటున్నారు, వాళ్ళతో పాటు వాళ్ళ విద్య కూడా వెళ్ళిపోతోంది.

అమెరికాలో ఉంటున్న మా పెదనాన్నగారి మనవరాలు అక్కడ డిగ్రీలో లీగల్ స్టడీస్ తీసుకొని, పోయిన దసరాకు వచ్చినప్పుడు తన పాఠాల గురించి వివరంగా చెప్పింది. అక్కడ లా స్కూలుకు వెళ్ళాలంటే నాలుగేళ్ళ డిగ్రీ ముందు పూర్తి చేయాలి. ఏ సబ్జెక్టులో చేయాలని నియమం లేదు, అమెరికన్ బార్ అసోసియేషన్ కూడా ఫలానాదే చదవమని చెప్పదు, బాగా చదవడం, రాయడం, ఆలోచించడం వస్తే చాలంటుంది. లాయరు పర్యవేక్షణలో పనిచేసే పారాలీగల్ అనేది అక్కడ గౌరవమున్న ఉద్యోగం, దానికి వేరే శిక్షణ ఉంది. "లా స్కూల్లో సీటు రాకపోయినా నా చదువు వృథా కాదు అత్తా" అంది ఆ పిల్ల. మన డిగ్రీ విద్యార్థి ఆ మాట ధీమాగా అనగలిగే రోజు రావాలని నా కోరిక.

మనకు పునాది అసలే లేదనడం సరికాదు. 1987లో చేసి 1995 నవంబరు 9 నుంచి అమల్లోకి తెచ్చిన న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం ఉంది. జాతీయ న్యాయసేవల సంస్థ 2009లో పారా లీగల్ వాలంటీర్ల పథకం తెచ్చింది. ఆ వాలంటీర్లు పల్లెల్లో తిరిగి, ఉచిత న్యాయసహాయానికి అర్హులైనవాళ్ళను సంస్థ దగ్గరకు చేరుస్తారు. ఆ చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, నిర్బంధంలో ఉన్నవాళ్ళు ఆదాయంతో పని లేకుండా ఆ సహాయం పొందవచ్చు. డిగ్రీ పట్టా చేతికొచ్చిన ఆడపిల్లల్లో ఎంతోమందికి తమకు ఈ హక్కు ఉందన్న సంగతే తెలియకపోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. కొద్ది రోజుల శిక్షణతో పంపే వాలంటీర్లు ఎంత చిత్తశుద్ధితో పనిచేస్తున్నారో నేను చూశాను. అదే పనికి మూడేళ్ళ చదువు తోడైతే ఎంత మేలు జరుగుతుందో ఆలోచించండి.

ఇలాంటి చదువు పెడితే సగం చదువుల నకిలీ ప్లీడర్లు పుట్టుకొస్తారని మా బార్‌లో పెద్దలు కొందరు నాతో వాదించారు. ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోను. అడ్వకేట్ల చట్టం 1961 ప్రకారం బార్ కౌన్సిల్ ఉంచే అడ్వకేట్ల జాబితా, అంటే రోల్‌లో పేరు లేనివాడు ప్రాక్టీసు చేయరాదు, చేస్తే 45వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలుశిక్ష పడవచ్చు. మొదటి సంవత్సరం మొదటి పాఠంగా ఇదే పెట్టాలి. ఎక్కడ ఆగాలో చదువుకున్నవాడికే బాగా తెలుస్తుంది. కోర్టు ఆవరణలో కక్షిదారులను మోసగించే దళారులు ఏ డిగ్రీ పెట్టడం వల్లా రాలేదు, నమ్మకంగా దారి చూపే మనిషి దొరకని చోట వాళ్ళు పుట్టారు.

మరొక షరతు కూడా గట్టిగా చెబుతాను. ఈ డిగ్రీ చదివినవాళ్ళకే లా సీటు అనే నిబంధన ఎప్పటికీ రాకూడదు. మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీకి ఏ డిగ్రీ అయినా సరిపోవడం వల్లనే టీచర్లు, రిటైరైన కానిస్టేబుళ్ళు, ఇద్దరు పిల్లలు పుట్టాక మళ్ళీ పుస్తకం పట్టిన తల్లులు మా వృత్తిలోకి వచ్చారు. నేనూ అలా వచ్చినదాన్నే. హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల అయిదేళ్ళు చదివే పిల్లలకు లైబ్రరీ, వాదన సాధన చేసే మూట్ కోర్టులు, ఇంటర్న్‌షిప్‌లు అన్నీ అందుతాయి. వాళ్ళ గురించి నాకు బెంగ లేదు. మండల కేంద్రంలో డిగ్రీ చదివే పిల్లకు ఒక నోటును వెనక్కి తిప్పి చూడటం నేర్పమనే అడుగుతున్నాను.

పాఠాలు చెప్పేవాళ్ళెవరని అడిగిన ఒక కాలేజీ అధ్యాపకుడికి నేను చెప్పిన జవాబే ఇక్కడా చెబుతాను. రిటైరైన కోర్టు సూపరింటెండెంట్లు, ముప్పయ్యేళ్ళు పనిచేసిన గుమాస్తాలు, దస్తావేజు లేఖరులు ప్రతి పట్టణంలో ఉన్నారు. వారానికి రెండు గంటలు పిలిస్తే సంతోషంగా వస్తారు. మా గుమాస్తాగారు పోయిన సంవత్సరం పని మానేశారు. వెళ్ళేటప్పుడు గడువులు, కోర్టు ఫీజులు, రిటర్న్ అభ్యంతరాలు తన చేతిరాతతో రాసుకున్న రెండు వందల పేజీల నోటుపుస్తకం నా బల్ల మీద పెట్టి, "పిల్లలెవరికైనా పనికొస్తే ఇవ్వండమ్మా" అన్నారు. దాన్ని మారిన చట్టాలకు అనుగుణంగా సరిదిద్ది టైపు చేయిస్తున్నాను, ఇప్పటికి అరవై పేజీలు అయ్యాయి. డిగ్రీ కాలేజీలో పనిచేసే అధ్యాపకులు ఎవరైనా తమ విద్యార్థుల కోసం కావాలనుకుంటే నాకు రాయండి, అయినంత వరకు వెంటనే పంపిస్తాను.